పసుపుపచ్చ 748 గలగల

ఆ చప్పుడు మొదటిసారి విన్నప్పుడు లోపల ఏదో విరిగిందనుకున్నాను.

బైకు అమ్ముతున్న ఆయన దాన్ని స్టార్ట్ చేసి, క్లచ్ లివర్ నొక్కి పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు. ఇంజన్ కుడిపక్క నుంచి గలగలా ఒకటే మోత. ఇత్తడి చెంబులో గోళీలు పోసి గిరగిరా తిప్పుతున్నట్టుంది. లివర్ వదిలాడు, మోత తగ్గింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ మొదలు. నా కంగారు చూసి, "భయపడకండి, దీని గొంతే అంత. ఈ శబ్దం మారినప్పుడు భయపడాలి" అన్నాడు. ఆ రెండో మాట నాకు అప్పుడు చెవికెక్కలేదు.

అది 2006. బైకు 1999 నాటి డుకాటి 748, ఇటలీ కంపెనీది, పసుపుపచ్చది. అప్పటికే ఇద్దరి చేతులు మారింది. నా దగ్గర పదకొండేళ్లు ఉంది.

దాని మీద ఆశ మాత్రం అంతకు పన్నెండేళ్ల ముందే పుట్టింది. 1994 లో, చదువుకునే రోజుల్లో, ఒక స్నేహితుడు ఎక్కడినుంచో బైకుల పత్రిక ఒకటి తెచ్చాడు. అట్ట ఊడిపోయింది, పేజీలు నలిగిపోయాయి. మధ్యలో ఎర్రటి డుకాటి 916 బొమ్మ, వెనకనుంచి తీసింది. సీటు కింద పక్కపక్కనే రెండు సైలెన్సర్లు. వాటి కింద వెనక చక్రం. ఆ చక్రాన్ని ఒక పక్కనే పట్టుకున్న స్వింగార్మ్. రెండో పక్క ఏమీ లేదు, చక్రం మొత్తం కనపడుతోంది.

"ఒరేయ్, ఇది ఎలా నిలబడిందిరా?" అన్నాడు వాడు. ఆ సాయంత్రమంతా అదే చర్చ. చివరికి ఆ పేజీ చింపి నాకిచ్చాడు. అది నా పుస్తకాల అర తలుపు లోపలి వైపు చాలా ఏళ్లు ఉంది. ఆ ఏడాది, మరుసటి ఏడాది ఇంగ్లండ్ రేసర్ కార్ల్ ఫోగర్టి వరల్డ్ సూపర్‌బైక్ టైటిల్ వరుసగా ఆ 916 మీదే గెలిచాడు. ఫలితాలు మాకు ఎప్పుడో ఆలస్యంగా తెలిసేవి. మా సొంత మనిషి గెలిచినట్టు ఉండేది.

748 ఆ 916 కి తమ్ముడు. ఫ్రేమ్ అదే, రూపం అదే. ఇంజన్ లోపల మాత్రం 94 మిల్లీమీటర్ల బోర్ (సిలిండర్ వెడల్పు), 66 స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) బదులు 88 బోర్, 61.5 స్ట్రోక్. వెనక టైరు 190 బదులు 180. 1997 లో పావొలో కాసోలి సూపర్‌స్పోర్ట్ వరల్డ్ సిరీస్ గెలిచింది దీని మీదే. అన్న దగ్గర బలం ఎక్కువ, నిజమే. కానీ ఆ సన్నటి టైరు వల్ల తమ్ముడు మలుపులోకి తేలిగ్గా వాలతాడని రెండూ నడిపినవాళ్లు చాలామంది అంటారు. నేను రెండూ నడిపాను. నా మాట కూడా అదే.

మొదటి నెల కష్టంగానే గడిచింది. హ్యాండిల్ కింద ఉంటుంది, సీటు పైన ఉంటుంది, ఒంటి బరువంతా మణికట్టు మీద పడుతుంది. నెమ్మదిగా పోయే ట్రాఫిక్‌లో సీటు కింది పైపుల వేడి తొడలకు తగులుతుంది. ఇరవై నిమిషాలకు చేతులు తిమ్మిరెక్కేవి. ఇంటికొచ్చి వేళ్లు విదిలించుకుంటూ కూర్చునేవాణ్ణి. మా ఆవిడ ఒకసారి చూసి, "ఏమండీ, ఇంత నొప్పి పడి ఎందుకు నడపడం?" అని అడిగింది. దానికి జవాబు కొండ దారి మీద దొరికింది గానీ మాటల్లో చెప్పడం నాకు చేతకాలేదు.

ఇప్పుడు ప్రయత్నిస్తాను. మలుపు కనపడగానే ఒంటిని కాస్త లోపలికి జరిపి, లోపలి చేతిని మెల్లగా ముందుకు తోస్తే బైకు వాలుతుంది. తొందరపడదు. కొన్ని బైకులు మలుపు మధ్యలో ఉన్నట్టుండి ఇంకా లోపలికి పడిపోవాలని చూస్తాయి, కొన్ని లేచిపోవాలని చూస్తాయి. ఇది ఆ రెండూ చేయదు. ఎక్కడ వాల్చామో అక్కడే ఉంటుంది, ముగ్గు కర్ర పట్టి గీసిన గీతలా. అప్పుడు థ్రాటిల్ తెరిస్తే మోకాళ్ల మధ్య నుంచి గాలి పీల్చుకునే గర్జన లేస్తుంది. ఈ బైకులో పెట్రోల్ ట్యాంకు అడుగుభాగమే ఇంజన్‌కు గాలి అందించే ఎయిర్‌బాక్స్‌కు పైకప్పు, అందుకని ఆ గర్జన నేరుగా గుండెకు తగులుతుంది. మణికట్టు నొప్పి ఆ క్షణంలో ఉండదు. ఎంత వెతికినా ఉండదు.

ఇంజన్ కొట్టే తాళం కూడా వేరు. రెండు సిలిండర్లు 90 డిగ్రీల ఎడంతో ఉంటాయి. ఒకటి దాదాపు నేలకు సమాంతరంగా ముందుకు పడుకుని, ఇంకొకటి నిలబడి. దానివల్ల పేలుళ్లు సమానంగా రావు. ఒకటి పేలాక ఇంజన్ 270 డిగ్రీలు తిరిగితే రెండోది, ఆ తర్వాత 450 డిగ్రీల ఎడం. దగ్గర, దూరం, దగ్గర, దూరం. వీధి చివర వినపడినా మా ఇంట్లో అందరూ గుర్తుపట్టేవాళ్లు.

ఆ ఇంజన్‌ను విప్పి చూపించిన మనిషిని ఇక్కడ తలుచుకోవాలి. వయసు అరవై దాటిన మెకానిక్. అందరూ మేస్త్రీ అనే పిలిచేవారు, నేనూ అంతే. వాల్వుల గ్యాప్ చూడాల్సిన సమయం వచ్చినప్పుడు, "బాబూ, నువ్వూ పక్కన కూర్చో. ఈ బండి ఉంచుకోవాలంటే దీని లోపల ఏముందో నీకు తెలియాలి" అన్నాడు.

మామూలు ఇంజన్‌లో వాల్వును తెరిచేది క్యామ్ అనే తిరిగే ఉబ్బు, మూసేది స్ప్రింగు. వెనకటి రోజుల్లో ఇంజన్ మరీ వేగంగా తిరిగితే ఆ స్ప్రింగులు అందుకోలేకపోయేవి. వాల్వు మూసుకునేలోపే పిస్టన్ పైకొచ్చేది. డెస్మో పద్ధతిలో మూయడానికి కూడా క్యామ్ మీదే రాకర్ అనే ఇంకో మీట ఉంటుంది. తెరిచేది ఒకటి, లాగి మూసేది ఒకటి. ఫాబియో టాలియోని 1954 లో డుకాటిలో చేరి, 1956 లో ఈ పద్ధతితో 125 సీసీ రేసు బైకు తయారుచేశాడు. స్వీడన్ గ్రాండ్ ప్రీలో దిగిన మొదటి రేసే గెలిచింది. ఆ తర్వాత మాస్సిమో బోర్డి దాన్నే సిలిండర్‌కు నాలుగు వాల్వుల ఇంజన్‌గా, నీటితో చల్లబడేలా, ఫ్యుయెల్ ఇంజెక్షన్‌తో మలిచాడు. నా 748 లో ఉన్నది ఆ వంశమే.

అందువల్ల పని రెట్టింపు. ఎనిమిది వాల్వులు, ఒక్కోదానికి తెరిచే వైపు ఒక గ్యాప్, మూసే వైపు ఒక గ్యాప్. మొత్తం పదహారు కొలతలు. మేస్త్రీ కొలిచి చెప్పేవాడు, నేను కాగితం మీద రాసేవాణ్ణి. మిల్లీమీటర్‌లో వందో వంతు తేడాకు షిమ్ అనే చిన్న బిళ్ల తీసి సన్నటి రాతి మీద రుద్ది, తుడిచి, మళ్లీ పెట్టి చూసేవాడు. రెండు రోజులు పట్టింది. ఆ కాగితం ఇంకా నా దగ్గర ఉంది, వేలిముద్రల నూనె మరకలతో సహా.

క్యామ్‌లను తిప్పే రబ్బరు బెల్టులు రెండు. కిలోమీటర్లు తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చేయాలన్నది ఈ బైకులున్నవాళ్ల నియమం. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్‌కు తగిలి ఇంజన్ పోతుంది. వాటి బిగువును వేలితో మీటి చూస్తారు. వీణ తీగలా బెల్టుకూ ఒక నాదం ఉంటుంది. ఆ నాదం ఎంత పైన పలికితే అంత బిగువు. మేస్త్రీ ముందు పరికరంతో కొలిచి, తర్వాత నా చేత మీటించి, "ఇది గుర్తుపెట్టుకో" అనేవాడు.

మార్పుల సంగతికి వస్తాను. మొదటిది స్టాండు. ఈ బైకు సైడ్ స్టాండు మీద బరువు తీస్తే దానంతట అదే లోపలికి ముడుచుకుంటుంది, స్టాండు వేసి ఉండగా పొరపాటున ఎవరూ బయల్దేరకుండా. ఆ సంగతి తెలిసీ, ఒకరోజు ఫోన్ రింగైతే కంగారులో బైకును కాస్త నిటారుగా లేపి మళ్లీ వదిలాను. స్టాండు అక్కడ లేదు. దాదాపు 200 కిలోల బండి నా కళ్లముందే ఎడమపక్కకు పడిపోయింది. పక్కల తొడుగు (ఫెయిరింగ్) మీద జానెడు గీత పడింది, లివర్ వంగింది. తప్పు పూర్తిగా నాదే. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. తర్వాత ముడుచుకోని స్టాండు తెచ్చి వేశాను. ఆ గీతను మాత్రం రంగు వేయించకుండా అలాగే ఉంచాను.

తర్వాత వెనక స్ప్రాకెట్‌కు రెండు పళ్లు పెంచాను. పెద్ద ఖర్చు లేని పని, చిన్న వేగాల్లో బైకు హాయిగా సాగడం మొదలుపెట్టింది. రబ్బరు బ్రేకు పైపులు తీసి స్టీలు అల్లిక పైపులు వేస్తే ముందు బ్రేకు పట్టు వేలికి స్పష్టంగా తెలిసింది. అన్నిటికన్నా మేలు చేసింది మాత్రం పైకి కనపడనిది, సస్పెన్షన్‌ను నా బరువుకు సరిచేయించడం. కొత్తగా బైకు కొన్న ఎవరడిగినా ముందు ఇదే చేయించమంటాను. అందరూ పైపుల దగ్గర మొదలుపెడతారు.

నేనూ ఆ పైపుల దగ్గరికే వెళ్లాను. టెర్మిన్యోని కంపెనీ కార్బన్ ఫైబర్ సైలెన్సర్లు ఒకాయన వాడి తీసేసినవి దొరికాయి. వాటికి సరిపోతుందంటూ ఒకరు పెట్రోల్ ఎంత పోవాలో నిర్ణయించే ఇంజెక్షన్ చిప్ అమ్మారు. ఈ తరం బైకుల్లో కంప్యూటర్ పెట్టె విప్పి చిప్ తీసి వేరేది పెట్టొచ్చు. అయితే ఆ చిప్ సరైనది కాదు. మూడు వేల ఆర్‌పీఎం దగ్గర బైకు తడబడేది, థ్రాటిల్ మూస్తే వెనక టపాకాయలు పేలేవి. రెండు నెలలు తంటాలు పడి, ఈ పైపులకు తగిన చిప్ సంపాదించి, రెండు సిలిండర్ల థ్రాటిల్ బాడీలు సమానం చేయిస్తే అప్పుడు కుదిరింది.

కుదిరాక ఆ శబ్దం చూడాలి! సొరంగంలో ఒక్కసారి థ్రాటిల్ తెరిస్తే గోడలు తిరిగి పలికేవి. ఏడాదిపాటు దాని మత్తులోనే తిరిగాను. అదే ఊపులో క్లచ్ మీది మూత తీసి, కిటికీలు కోసిన మూత బిగించాను. ప్లేట్లు తిరగడం బయటికే కనపడుతుంది, వేడీ దుమ్మూ బయటికి పోతాయి. వెనక సీటు కూడా తీసేసి, తోకభాగం మొత్తం మార్చి ఒంటిసీటు పెట్టాను. పత్రికలో చూసిన బొమ్మకు అచ్చుగుద్దినట్టు అయింది.

మా ఆవిడ చుట్టూ తిరిగి చూసింది. "చాలా బావుంది" అంది. కాసేపాగి, "మరి నేనెక్కడ కూర్చోవాలి?" అంది. తను నాతో రావడం నాలుగు నెలలకోసారే. వెనక కూర్చోవడం సుఖం కాదు, కాళ్లు బాగా మడవాలి, సీటు వేడెక్కుతుంది. అయినా వచ్చేది. మలుపుల్లో నాతోపాటు సరిగ్గా వాలేది, భుజం మీద చెయ్యి వేసి "చాలు, మెల్లగా" అనేది. ఆ ఒంటిసీటుతో ఆరు నెలలు నడిపాను. బండి తేలికైంది. వెనక ఆ చెయ్యి లేదు. ఒక ఆదివారం తనకు చెప్పకుండా పాత తోక మళ్లీ బిగించాను. సాయంత్రం చూసి ఏమీ అనలేదు, లోపలికెళ్లి హెల్మెట్ తెచ్చుకుంది.

ఆ పైపులు కూడా ఎక్కువ కాలం ఉండలేదు. కారణం వేరు. ఒకరోజు గేరు సరిగా పడలేదు. క్లచ్ నొక్కినా బైకు ముందుకు లాగుతోంది. మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్తే ప్రెషర్ ప్లేటు ఊడదీసి, ప్లేట్లు ఒక్కొక్కటే బయటికి తీసి గుడ్డమీద వరసగా పేర్చాడు. ఈ ప్లేట్ల అంచున పళ్లుంటాయి, వాటిని చుట్టి ఉండే బాస్కెట్ అనే గిన్నె గాడుల్లో కూర్చుంటాయి. డ్రై క్లచ్‌లో నూనె మెత్తదనం ఉండదు కాబట్టి ఆ పళ్లు గాడుల గోడలను కొట్టుకుంటూ ఉంటాయి. ఆ గలగల అదే. కొట్టీ కొట్టీ నా బాస్కెట్ గాడుల గోడలకు మెట్లు పడ్డాయి. ఒక ప్లేటుకు పన్ను విరిగి ఉంది.

"బాబూ, ఇది నిన్న మొన్నటిది కాదు. శబ్దం ఎప్పుడో మారి ఉంటుంది. నీకు వినపడలేదా?" అన్నాడు.

వినపడలేదు. ఆ పైపుల మోతలో ఏమీ వినపడలేదు. మొదటిరోజు అమ్మినాయన చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. విరిగిన పన్ను ముక్క ఎక్కడైనా ఇరుక్కుని ఉంటే మలుపు మధ్యలో ఏమయ్యేదో ఊహించుకుని ఒళ్లు చల్లబడింది. కొత్త బాస్కెట్, కొత్త ప్లేట్లు వేయించి, ఇంటికొచ్చి ఆ కార్బన్ సైలెన్సర్లు దించి, పాతవి తుడిచి మళ్లీ బిగించాను. కిటికీల మూత మాత్రం ఉంచేశాను. అప్పటినుంచి ప్రతి ప్రయాణం ముందు ఒక అలవాటు. స్టార్ట్ చేయడం, లివర్ నొక్కడం, ఒక నిమిషం వినడం. సైలెన్సర్ల మోత తగ్గాక చెయిన్ శబ్దం, ఎయిర్‌బాక్స్ పీల్పు, బెల్టుల సన్నటి రొద, అన్నీ విడివిడిగా తిరిగొచ్చాయి.

2014 ఏప్రిల్‌లో మాస్సిమో టాంబురిని చనిపోయాడని వార్త చదివాను. 916 కు, దానితోపాటు నా 748 కు రూపం ఇచ్చిన మనిషి. రిమినివాడు. ఇళ్లకు హీటింగ్ పైపులు వేసే వ్యాపారంతో మొదలుపెట్టాడు. 1972 లో మిసానో ట్రాక్ మీద హోండా సీబీ750 తో పడి పక్కటెముకలు విరగ్గొట్టుకుని, ఆ ఇంజన్‌కు తన సొంత ఫ్రేమ్ తయారుచేసుకున్నాడు. ముగ్గురు భాగస్వాముల పేర్ల ముక్కలతో పెట్టిన బిమోటా అనే బైకుల కంపెనీ పేరులో చివరి అక్షరం అతనిదే. తర్వాత సాన్ మరీనోలో, అప్పట్లో డుకాటి యజమాని అయిన కజీవా కంపెనీ పరిశోధనశాలలో 916 ను మలిచాడు. అవతల ఎంవీ అగస్టా ఎఫ్4 కూడా అతని చేతిదే. ఆ రోజు నేను ఎక్కడికీ వెళ్లలేదు. ఫెయిరింగ్ విప్పి బైకును మొదటినుంచి చివరిదాకా తుడిచాను. ఫ్రేమ్ తల దగ్గర చిన్న ఇన్సర్టులుంటాయి, వాటిని తిప్పి స్టీరింగ్ కోణాన్ని 24.5 డిగ్రీల నుంచి 23.5 కి మార్చుకోవచ్చు. ట్రాక్ మీదికి వెళ్లేవాడి కోసం ఆ ఒక్క డిగ్రీ వదిలిపెట్టాడు. వీధిలో కొనే బండిలో అంత ఆలోచన ఎవరు పెడతారు? తుడుస్తున్నంతసేపూ చేతి కింద తగిలిన ప్రతి వంపూ ఒక మనిషి కూర్చుని నిర్ణయించినదే అని అనిపిస్తూ ఉంది.

2017 లో అమ్మేశాను. మెడ ఎముకల్లో అరుగుదల అని, ముందుకు వంగి నడిపే బండి ఇక వద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. ఒక ఏడాది ఆ మాట దాటేశాను, తర్వాత కుదరలేదు. చాలామంది వచ్చి చూశారు. ఎక్కువమంది టాప్ స్పీడ్ అడిగారు. ఒక కుర్రాడు మాత్రం క్లచ్ చప్పుడు విని ఉలిక్కిపడి, వంగి, చెవి దగ్గరపెట్టి, "అన్నా, ఇది ఎక్కడినుంచి వస్తోంది?" అని అడిగాడు. అతనికే ఇచ్చాను. షిమ్‌ల కాగితానికి నకలు, దించిన సైలెన్సర్లు, ఒంటిసీటు తోక, పాత స్టాండు, అన్నీ అట్టపెట్టెల్లో సర్ది ఇచ్చాను. వెళ్లేటప్పుడు మా ఆవిడ కూడా గేటు దాకా వచ్చింది.

రెండేళ్లకు ఫోన్ చేశాడు. "అన్నా, బెల్టులు మార్చే టైమ్ అయింది. మీరు పక్కనుంటే నేనే మార్చుకుంటాను." అప్పటికి మేస్త్రీ లేడు. ఆయన మరో ఊళ్లో కూతురి దగ్గర ఉండి, అక్కడే కన్నుమూశాడు. నేను వెళ్లాను. నేను చెబుతుంటే అతను ఒక్కో మూతా విప్పాడు. గుర్తులు కలిపి, పాతవి తీసి, కొత్తవి ఎక్కించాడు. పరికరంతో కొలిచాక, "ఇప్పుడు మీటు, గుర్తుపెట్టుకో" అన్నాను. మీటాడు. ఇంజన్‌ను చేత్తో రెండు చుట్లు పూర్తిగా తిప్పించి, గుర్తులు మళ్లీ కలిశాయని చూసుకున్నాం.

స్టార్ట్ చేశాడు. ముందు సిలిండరు, వెనక సిలిండరు, ఆ దగ్గరా దూరం తాళం. క్లచ్ లివర్ నొక్కి పట్టుకుని నా మొహంలోకి చూశాడు.

"అన్నా, నెల రోజులుగా ఈ శబ్దం కొంచెం మారిందనిపిస్తోంది. నా భ్రమా?"

వంగి విన్నాను. గలగలలో ఎక్కడో ఒక దెబ్బ మొద్దుగా పడుతోంది.

"భ్రమ కాదు. ఇంజన్ ఆపు, చల్లారనీ. ఆరు స్ప్రింగుల స్క్రూలూ విప్పి ప్లేట్లు తీసి చూద్దాం" అన్నాను, చొక్కా చేతులు మడుచుకుంటూ.